ఫ్యాన్ ఆపి చూసిన సినిమా

మా పెద్దమ్మ పోయిందని ఆమె కొడుకు, మా అన్న ఫోన్ చేసినప్పుడు నేను మన్నాఏఖేళ్ళి బజారులో చాయ్ తాగుతున్నాను. గ్లాసు అక్కడే పెట్టేసి బీదర్ బస్సెక్కాను. దారంతా ఏడుపే. చర్చిలో పెట్టిన జ్ఞాపకార్థ కూటంలో మాత్రం కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు.

సంఘ పెద్ద ఒకాయన మైకు అందుకుని, "ఈ తల్లి సినిమాల జోలికి పోని భక్తురాలు" అన్నాడు. పచ్చి అబద్ధం. సండే స్కూల్లో ఇక్కడి పిల్లలకు పాటలు నేర్పిన మా పెద్దమ్మకు ఒక పాత ఫ్రెంచి సినిమా అంటే ప్రాణం. నలుగురు దొంగలు నగల దుకాణం దోచుకునే కథ. ఆ దోపిడీ సాగే అరగంటా ఒక్కరూ నోరు విప్పరు, సంగీతం కూడా ఉండదు.

పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చింది నేనే. ఆదివారం ఆరాధన అయి, అన్నాలు తిన్నాక పెట్టించుకునేది. ఆ ఘట్టం రాగానే ఎంత ఎండాకాలమైనా ఫ్యాన్ ఆపేసేది. కమఠాణ నుంచి చుట్టాలొచ్చినా నోటికి తాళం వేసుకుని కూర్చోవాల్సిందే. ఒకసారి మధ్యలో అన్న ఫోన్ మోగింది. "పట్టిచ్చినవ్ గదరా వాళ్లను" అని దోపిడీ మళ్లీ మొదటి నుంచి పెట్టించింది.

"దొంగలను మెచ్చుకుంటవేంది పెద్దమ్మా?" అని అడిగాను.

"దొంగతనం తప్పే. ఆఖరుకు ఏమైతరో చూస్తనే ఉన్నవ్ గద. కానీ ఒకని చెయ్యి ఒకడు ఎట్ల కనిపెడుతుండో చూడు. పక్కపక్కన నిలబడి పాడేటోళ్లం, మనకు అంత ధ్యాస ఉందా?" అంది. మళ్లీ తనే, "ఆఫీసుల కన్నడం, బజార్ల ఉర్దూ, అన్నీ నేర్సుకున్న. దీనికి ఏ భాషా అక్కర్లేదు బిడ్డా" అంది.

మీరే చెప్పండి, ఇంత మనసుపెట్టి చూసిన మనిషిని చచ్చాక అబద్ధంతో కడుగుతారా? సాక్ష్యం చెప్పడానికి నేను లేస్తుంటే అన్న చెయ్యి పట్టుకున్నాడు.

"చర్చిల ఆ సినిమా ముచ్చట తియ్యకురా. అమ్మ ఇజ్జత్ పోతది."

"అబద్ధం చెప్తె ఉంటదా అన్నా ఇజ్జత్?"

మైకు ముందు నిలబడి అంతా చెప్పాను. పెద్దాయన ముఖం మాడ్చుకున్నాడు. మాడ్చుకోనీ. "ఆమె కోసం కాసేపు మాట్లాడకుండా కూర్చుందాం" అని ఆగాను. నెత్తిమీద ఫ్యాన్లు కటకటమంటూ తిరుగుతున్నాయి.

అన్న లేచాడు. మైకు గుంజుకుంటాడేమో అనుకున్నాను. గోడ దగ్గరికి పోయి ఒక్కో ఫ్యానూ ఆపాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి అదీ ఆపేశాడు. చెమటలు కారిపోతున్నా, ఎవరూ మళ్లీ వేయకుండా, ఆ స్విచ్చులకు చెయ్యి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు.