నా బోరు డబ్బాకు తాళం

నేను వనపర్తి దగ్గర ఒక సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. కొన్నేళ్ల కిందట మండు వేసవిలో ఒక పొద్దున తీగ తెగి కరెంటు పోయింది. బాగుచేశాక మధ్యాహ్నం స్విచ్ వేస్తే నిమిషంలోనే ట్రిప్పయింది. మళ్లీ వేశాను, మళ్లీ అదే. బోరు మోటర్లన్నిటికీ ఆటో స్టార్టర్లే. కరెంటు రాగానే అన్నీ ఒక్కసారి తిరిగేసరికి లైను తట్టుకోలేకపోతోంది.

ఊరి దవాఖానా కూడా అదే లైను మీద ఉంది. అక్కడి నర్సమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, పొద్దుగాల పుట్టిన పాపకు ఆక్సిజన్ మిషిన్ పెట్టినం. ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోవస్తుంది. అంబులెన్స్ ఇంకా రాలే!"

రైతులకు వరసగా ఫోన్లు చేసి, "మీ కాళ్లు మొక్కుత, ఆటోలు బంద్ చేయుండ్రి!" అని బతిమాలాను. మూడోసారి వేశాను. నిలవలేదు.

పొలం దగ్గరున్న మా చిన్నాయనకు ఫోన్ చేసి, "ఇంకా ఎవరు బంద్ చేయలే?" అని గదమాయించాను.

"సగం మంది చేయలే బిడ్డా. 'ఆపరేటర్ బోరుకే ఆటో ఉన్నది, ముందు అది బంద్ చేయమను, మా వరి ఎండుతుంది' అంటుండ్రు. నీ స్టార్టర్ డబ్బాకేమో తాళమున్నది."

తాళంచెవి నా జేబులోనే ఉంది.

"రాయితో పగలగొట్టు చిన్నాయనా, వైర్లు పీకెయ్!" అని ఏడ్చేశాను.

అది చూసి మిగతావాళ్లూ ఆటోలు బంద్ చేశారు. నాలుగోసారి లైను నిలిచింది. దవాఖానాకు ఫోన్ చేస్తే నర్సమ్మ మాట కంటే ముందు పాప ఏడుపు వినబడింది.

ఆ పాప ఇప్పుడు బడికి పోతోంది. నా బోరుకు ఆటో లేదు. పగిలిన తాళాన్ని మాత్రం సబ్‌స్టేషన్‌లో స్విచ్ పక్కనే మేకుకు తగిలించుకున్నాను.