ఫొటో కోసం ఖాళీ చేసిన ఇల్లు

1974 జూన్ 12, బుధవారం, ఉదయం పది గంటలకు మా ఇంటి ముందు ఒక కారు ఆగింది. దిగిన ఇద్దరూ నాకు తెలిసినవారే. ఒకరు ఇంటి యజమాని కుమారుడు. రెండవవారు కళాశాలలో నాకు చరిత్ర బోధించిన మాస్టారు. వారిద్దరినీ ఒకేచోట చూడడం నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఆ క్షణంలో చెప్పలేకపోయాను. మధ్యాహ్నానికి చెప్పగలిగాను.

ఆ ఇల్లు విజయవాడలో రైలుకట్టకు అవతల, ఏలూరు కాలువ గట్టుకు దగ్గరలో ఉండేది. గన్నవరం వైపు ఊళ్ల నుంచి ధాన్యం పడవల మీద వచ్చే రోజుల్లో ఒక వర్తకుడు కట్టించిన మండువా ఇల్లు. తరువాత పడవలు ఆగిపోయాయి. వర్తకుడి వారసులు పట్నం నడిబొడ్డుకు తరలిపోయారు. చుట్టూ హమాలీల, రిక్షా కార్మికుల పాకలు లేచాయి. ఇంటిని నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చారు. గూడ్సుషెడ్డులో బస్తాలు మోసే మా నాన్న అందులో ఒక వాటా తీసుకున్నారు. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. ఉద్యోగం ఇంకా రాలేదు కనుక ఆ పూట ఇంట్లోనే ఉన్నాను. మిగిలిన మగవాళ్లందరూ పనుల మీద వెళ్లిపోయారు.

యజమాని ఏడాదిగా మమ్మల్ని వెళ్లగొట్టాలని చూస్తున్నారు. స్థలానికి ధర వచ్చింది. అయితే అద్దెకున్నవారిని ఖాళీ చేయించడం కోర్టులో అంత తేలిక కాదని ఆయన ప్లీడరే చెప్పాడట. అందుకని మరమ్మతులు మానేశారు. గోడ బలహీనపడిందన్న వంకతో ఆ వేసవిలో పెరటి తలుపుకు ఇటుకలు పేర్పించారు. నాలుగు కుటుంబాలకూ వీధి తలుపు ఒక్కటే మిగిలింది. అయినా మేము కదలలేదు. కదిలితే వెళ్లడానికి మాకు వేరే చోటు లేదు.

మాస్టారు లోపలికి వచ్చి మండువాలో నిలబడి తల పైకెత్తి చూశారు. టేకు స్తంభాలను అరచేతితో నిమిరారు. గచ్చులో కరక్కాయ నీళ్లు కలిపారని, అందుకే అద్దంలా ఉందని చెప్పారు. వీధి ద్వారబంధం మీది పద్మాలను వేలితో తడుముతూ ఇలాంటి పనితనం జిల్లాలో ఇక మిగలలేదన్నారు. ఆయన చెప్పినదేదీ అబద్ధం కాదు. ఆయన కంఠం తరగతిలో నన్ను ఎంత ఆకట్టుకునేదో అక్కడా అలాగే ఉంది. కాని ఆయన చూపు దండెం మీది చీరల దగ్గరకు, గోడకు ఆనించిన మంచాల దగ్గరకు వచ్చినప్పుడల్లా పక్కకు తప్పుకునేది.

"నువ్వు చదువుకున్నవాడివోయ్. దీని విలువేమిటో మీవాళ్లకి నువ్వు చెప్పాలి," అన్నారు నాతో.

ఏటా వానలకు ముందు పైకెక్కి పెంకు తిరగవేస్తున్నది మా నాన్నగారేనని, అదే లేకపోతే ఆ స్తంభాలు ఎప్పుడో నానిపోయేవని నేను వినయంగానే విన్నవించాను. ఆయన తల ఊపి, గూనపెంకుల గురించి మాట్లాడడం మొదలుపెట్టారు.

తాము ఒక వ్యాసం రాస్తున్నామని, ఇంటిని మొదట ఉన్నట్టుగా ఫొటో తీయాలని, సామాను ఒక అరగంట వీధిలో పెట్టుకోవాలని ఆయన కోరారు. యజమాని కుమారుడు గోడకు చేరగిలబడ్డాడు. నేను అభ్యంతరం చెప్పాను. అమ్మ నన్ను వారించింది. కొడుక్కి చదువు చెప్పిన గురువు గుమ్మంలోకి వచ్చి అడిగితే కాదనడం ఆమెకు తెలియదు.

మంచాలు, ట్రంకుపెట్టెలు, బిందెలు, కుంపట్లు వీధిలోకి చేరాయి. రిక్షా తొక్కే ఆయన భార్య అయిన పక్కవాటా ఆవిడ చాపలు మోస్తూ, "మా ఆడపడుచు పెళ్లిచూపులకి గూడా ఇంత సర్దలా వదినా," అంది. తరువాత మాస్టారి వైపు తిరిగి, "మేం గూడా ఫొటోలో అడ్డవేనాండీ?" అని అడిగింది.

ఆయన నవ్వి, అవునన్నట్టు చేయి ఊపారు.

లోపలి ఫొటోలు అయ్యాయి. మూసిన వీధి తలుపును కూడా తీయాలని, అందరూ బయటికి రావాలని అప్పుడు యజమాని కుమారుడు అన్నాడు. ఆ రోజు అతడు నోరు విప్పడం అదే మొదలు. ఆడవాళ్లు, పిల్లలు దిగారు. కుంపటి మీది నుంచి దించి తలుపు చాటున పెట్టిన, సగం ఉడికిన అన్నం గిన్నె కోసం అమ్మ వెనక్కి వెళ్లింది. ఆమె గడప దగ్గరకు వచ్చేసరికి అతడు ఒక తలుపు రెక్క అప్పటికే లాగేశాడు. కారు డ్రైవరు చేతిలో కొత్త తాళంకప్ప కనిపించింది. నేను గట్టిగా అమ్మను పిలిచాను. ఆమె నా వైపు చూడలేదు. ఆ తాళంకప్ప వైపు చూసింది.

చూసి, గడప మీద కూర్చుంది.

ప్రతి శుక్రవారం ఆ గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేది ఆమే. గడప మీద కూర్చుంటే ఇంటికి దరిద్రమని చిన్నప్పుడు నన్ను ఎన్నిసార్లు చెవి పట్టి లేపిందో లెక్కలేదు. ఇప్పుడు వేడి గిన్నెను కొంగుతో ఒళ్లో పట్టుకుని, రెండు రెక్కల మధ్య, అక్కడే కూర్చుంది.

"లేవమ్మా. గడప మీద కూర్చుంటే దరిద్రం," అన్నాడు యజమాని కుమారుడు.

"ఇల్లు మీది గదండీ. ఆ దరిద్రవేదో మీకే," అంది అమ్మ. "మాకు కొత్తగా వచ్చేదేవుంది?"

పక్కవాటా ఆవిడ చాప అక్కడే పడేసి వచ్చి అమ్మ పక్కన ఇరుక్కుని కూర్చుంది. మిగతా ఇద్దరు ఆడవాళ్లు వాళ్ల వెనుక నిలబడ్డారు. తలుపు లాగాలంటే వాళ్లను తాకాలి. సందు సందంతా చూస్తుండగా అంత పని చేసే ధైర్యం అతడికి లేకపోయింది. వాళ్లు ఒదిగి ఇచ్చిన సందులోంచి పిల్లలూ నేనూ ఒక్కొక్క మంచాన్నీ పక్కకు వాల్చి తిరిగి లోపలికి చేర్చాము.

తనకు ఈ సంగతి తెలియదని మాస్టారు నాతో అన్నారు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు కదండీ అని నేను జవాబిచ్చాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఇంత మొరటుతనం మధ్య అంత అందమైన ఇల్లు నిలవదని అంటూ కెమెరాను తోలు సంచిలో పెట్టుకుని కారెక్కారు. మొరటుతనం ఎవరిదో ఆయన చెప్పలేదు. అప్పటికి నాకు ఆయన మీద ఉన్నది కోపం కాదు, ఏవగింపు. ఈనాటికీ అది తగ్గలేదు.

ఆయన వ్యాసం ఒక పత్రికలో వచ్చింది. ఫొటోలో ఇల్లు శుభ్రంగా, ఖాళీగా ఉంది. గచ్చు మీద మా కుంపటి ఆనించిన చోట గుండ్రటి మసి మాత్రం కనిపించింది.

ఆ తరువాత మేము ఆ ఇంట్లో ఇంకా తొమ్మిదేళ్లు ఉన్నాము. నాలుగు కుటుంబాలూ బయటికి వెళ్లవలసి వచ్చినా ఎవరో ఒకరు ఉండిపోయి గడప మీద కూర్చునేవారు. అమ్మ శుక్రవారం పసుపు రాయడం మానలేదు, కాని దాని మీద కూర్చున్న పిల్లలను లేపడం మానేసింది. మాస్టారితో నేను మళ్లీ మాట్లాడలేదు.