ఉదయగిరి దిగుడులో అల్లూరు సైకిలు

మొన్న ఒక ఆదివారం పొద్దున, మునక్కాయలు తరుగుతూ, పక్కన టింగుమన్న ఫోనులో ఏముందో చూద్దామని కళ్లద్దాలు పెట్టుకున్నాను. మా ఇంటివాళ్లందరం ఉన్న గ్రూపులో నా చెల్లెలి వీడియో. ఉదయగిరి కోట కింద, చెట్ల మధ్యనుంచి వచ్చే ఎర్ర కంకర దారి మీద, లావు టైర్ల సైకిలెక్కి, నెత్తిన సగం కోసిన పుచ్చకాయ లాంటి టోపీ ఒకటి పెట్టుకుని, రయ్యిమని దిగిపోతోంది. కాళ్లు పెడళ్ల మీద ఊరికే ఉన్నాయి, తొక్కడం లేదు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. పెట్టకపోతే బాగుండదని నేనూ ఒకటి పెట్టి, ఫోను బోర్లించి, మిగతా మునక్కాయల్ని కాస్త గట్టిగానే నరికాను.

అరవై దాటిన మనిషికి సొంత చెల్లెలి మీద ఈ ఏడుపేమిటని కుర్రవాళ్లు అంటారేమో గానీ, మా ఈడువాళ్లు, అందులోనూ చెల్లెళ్లున్నవాళ్లు, అనరని నా నమ్మకం. నా కడుపుమంట నిన్నా మొన్నటిది కాదు, ఆ దిగుడంత పాతది.

మా నాయనకు అల్లూరులో సైకిలు షాపుండేది. అద్దెకు ఇచ్చేవాడు, బాగుచేసేవాడు, కొత్త సైకిలు ఎవరు కొన్నా ముందు మా షాపుకే తెచ్చేవారు. తెచ్చిన సైకిలుకు నాయన చేసే మొదటి పని దాని బ్రేకులూ, ముందరి మడ్‌గార్డూ ఊడబెరకడం. ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు. సముద్రపు గాలికి ఆ కడ్డీలు రెండు వానాకాలాలైనా ఉండవు, తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, పైగా మా ఊళ్లో ఎటు చూసినా వరిమళ్లూ కాలవ కట్టలే, నేలంతా పీట వేసినట్టు చదును, ఇక బ్రేకులతో పనేముంది? ఆగాలంటే కుడికాలు చాపి చెప్పును ముందు టైరుకు ఆనించడమే. అందుకే మా ఊరివాళ్ల కుడిచెప్పు కింద ఒక గాడి పడి ఉండేది. పెళ్లిళ్లలో గుమ్మం ముందు విడిచిన చెప్పులు చూసి, అల్లూరు వాళ్లు వచ్చారో లేదో చెప్పేసేవాళ్లు.

నాకూ చెల్లెలికీ ఆ షాపులోనే సైకిలు తొక్కడం వచ్చింది. ఆ తరువాత, పిల్లలు లేని మా పిన్నమ్మ ఉదయగిరి నుంచి వచ్చి, ఒకరిని పెంచుకుంటానని అడిగింది. ఆమె అడిగింది నన్నే. పెద్దది ఇంటిపనికి అక్కరకొస్తుంది, చిన్నదాన్ని తీసుకుపొమ్మని మా అమ్మ అంది. ఆ ఒక్క మాటతో చెల్లెలికి కొండలు దక్కాయి, నాకు అంట్లు దక్కాయి. అమ్మ పోయి ఇన్నేళ్లయినా ఆ మాట గుర్తొస్తే నాకు కోపమే.

ప్రతి రంజానుకూ చెల్లెలు ఇంటికొచ్చేది. వచ్చినప్పుడల్లా పిండి జల్లెడ పడుతున్న నా పక్కన కూర్చుని, అక్కడి సంగతులు చెప్పేది. బాబాయి కొయ్య గరిటెలు చెక్కేవాడు. కర్ర కోసం ఆయన అడవికి పోతుంటే తానూ వెనకాలే సైకిలు మీద పోతుందట, పైన పడిపోయిన కోటగోడ ఒకటుందట, దాని పక్కనుంచి వాగు దాకా ఒకటే దిగుడట. తొక్కక్కర్లేదు, గాలే వచ్చి మొహాన కొడుతుంది అనేది. తొక్కకుండా సైకిలు ఎలా పోతుందో నాకు ఊహకందేది కాదు. మా దగ్గర ఒక్క క్షణం తొక్కడం మానితే ఎదురుగాలి వెనక్కి నెట్టేది. అది చెబుతూ ఉంటే వింటున్నట్టే ఉండి, లోపల కళ్లల్లో నిప్పులు పోసుకునేదాన్ని. ఆ దిగుడు ఒక్కసారి దిగాలి, అంతే. చీరలూ, గాజులూ, సినిమాలూ ఏవీ నేను అంతగా కోరుకోలేదు.

నా చదువు మానిపించిన ఏడు, వేసవిలో, ఏ కళనున్నాడో నాయన నన్ను ఉదయగిరి పంపడానికి సరేనన్నాడు. వాళ్ల సైకిలు నాకెందుకని, నా సైకిలునే కొబ్బరినూనె గుడ్డతో తళతళలాడేలా తుడిచి, బస్సు మీదికి ఎక్కించి తీసుకుపోయాను. మర్నాడు బాబాయి, చెల్లెలు, నేను కొండదారి పట్టాం. ఎక్కేటప్పుడు తొక్కింది తక్కువ, నెట్టింది ఎక్కువ. పైకి వెళ్లేసరికి గోడ నిజంగానే ఉంది. రాళ్ల సందుల్లోనుంచి చెట్లు మొలిచి, ఒకప్పుడు రాజులు నడిచిన చోట మేకలు పడుకుని ఉన్నాయి. చెల్లెలు ఒక్క అరుపు అరిచి దిగిపోయింది. చెట్లలో దాని జడ రిబ్బను ఒకసారి కనిపించి మాయమైంది.

నేను కొంగు దోపి సైకిలెక్కబోతుంటే, బాబాయి హ్యాండిలు పట్టుకుని ఆపి, కిందికీ మీదికీ చూశాడు.

"బ్రేకులు యాడమ్మా?"

"మాకు అక్కర్లా బాబాయ్, కాలు పెడతాం" అన్నాను, గొప్పగా.

"ఈడ కాలు పెడితే కాలు పోద్ది" అని, పక్కనే ఎండిపోయిన కొమ్మనొకదాన్ని విరిచి, తాడుతో నా క్యారియరుకు కట్టేశాడు. కట్టెల మోపులతో దిగేవాళ్లు అక్కడ అలాగే చేస్తారట, నేల మీద ఈడ్చుకొచ్చే కొమ్మే వాళ్లకు బ్రేకు. ఆ కొమ్మ వెనకాల బరబరా దుమ్ము లేపుతుంటే, నేను నడకకన్నా మెల్లగా, బండికి కట్టిన ముసలి ఎద్దులా దిగాను. గాలి లేదు, రయ్యిమనడం లేదు. వాగు దగ్గర చెల్లెలు అప్పటికే మొహం కడుక్కుని బండ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి పడీ పడీ నవ్వింది. నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. లేచి తన సైకిలును నా వైపు తిప్పింది.

"నాది తీసుకోక్కా. మళ్లీ పైకి పోదాం రా. దీన్ని నేను ఈడ్చుకొస్తా."

"వద్దులే" అన్నాను. దాని జాలి నాకెందుకు? మర్నాటి బస్సుకే వచ్చేశాను.

ఆ తరువాత నన్ను విడవలూరులో ఇచ్చారు. అక్కడా చదునే. చెల్లెలు ఉదయగిరిలోనే కాపురం పెట్టింది, కొండ దాని పెరట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు దాని మనవరాలు ఈ లావు టైర్ల సైకిళ్లు తెచ్చి, నెల్లూరు నుంచీ మద్రాసు నుంచీ వచ్చేవాళ్లను ఆ అడవి దారుల్లో తిప్పుతోంది.

వీడియో వచ్చిన సాయంత్రమే చెల్లెలు ఫోను చేసింది. "ఏందక్కా, ఊరికే బొమ్మ పెట్టి గమ్మునుండావు? ఒకసారి రా. నీకూ ఒకటి పక్కన పెట్టిచ్చినా."

ఈసారి వద్దులే అనలేదు. పోయాను. పైదాకా జీపులో తీసుకుపోయి, సీటు కిందికి దించి, నన్ను ఎక్కించారు. వేలితో తాకితే చాలు, పట్టేసే బ్రేకులు. ఇన్నాళ్లకు బ్రేకులు దొరికాయి గదా, ఇక వాటిని వదిలితే ఒట్టు. కంకర కరకరమంటుంటే నత్తలా దిగుతున్నాను. అయినా వెనకాల ఏదో లాగుతున్నట్టుంటే తిరిగి చూశాను. చెల్లెలు రెండు చేతులా సీటు పట్టుకుని, ఆయాసపడుతూ నడిచి వస్తోంది. నాకు పాత కొమ్మ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

"వదలవే!"

"పడతావక్కా."

"పడితే పడతా. నువ్వు వదులు."

వదిలింది. నేనూ వేళ్లు సడలించాను. వాగు ఇంకెంతో దూరం లేదు. ఆ మిగిలిన కాస్త దిగుడులోనే గాలి వచ్చి మొహాన కొట్టింది, చెల్లెలు చెప్పినట్టే. కాలు దానంతటదే టైరు కోసం లేచింది గానీ, అంత పైకి అందలేదు. కింద మనవరాలు నన్ను పట్టుకునేలోపే దిగుడు అయిపోయింది.

ఇప్పుడు అల్లూరులో నాయన షాపు లేదు, కాలవ కట్ట మీద రొయ్యల లారీలు పోతాయి, కుడిచెప్పు కింద గాడి పడ్డ మనిషి ఎక్కడా కనిపించడు. చెల్లెలి మీద నా ఏడుపు మాత్రం కొంచెం తగ్గింది. అది తగ్గి ఇంకొకరి మీదికి పోయింది. వాగు ఒడ్డున మొహం గంటు పెట్టుకుని, వద్దులే అన్న ఆ పిల్లను చూస్తే నాకిప్పుడు చెప్పలేనంత కుళ్లు. దానికి మోకాళ్లున్నాయి, పైన కొండంత దిగుడుంది, ఎదురుగా చెల్లెలు సైకిలు పట్టుకుని నిలబడి ఉంది.