దయచేసి కవర్లు తీసుకురావద్దు

టీచరమ్మగారు పోయారన్న సంగతి నాకంటే ముందు పదకొండు మందికి తెలిసింది. తర్వాత ఒక్కొక్కరినీ అడిగి తేల్చుకున్నాను. శ్రీకాకుళం ఆసుపత్రిలో తెల్లవారుతూనే ప్రాణం పోయిందట. అక్కడి నుంచి ఆవిడ చెల్లెలి కొడుకు చర్చికి ఫోన్ చేశాడు. చర్చి నుంచి కిరాణా షాపుకి, షాపు నుంచి ఇడ్లీ బండికి, అలా వీధంతా తిరిగి చివరికి పాలు పోసే ఆమె మా గుమ్మంలో చెంబు దించుతూ నాకు చెప్పింది. ఎదురింటిదాన్ని, ఎనిమిదేళ్ళు ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని సంఘం పుస్తకాలు రాసినదాన్ని. నాది పన్నెండో స్థానం.

పోయిన మనిషి గురించి మొదలుపెడుతూ ఇలాంటి మాట రాయకూడదని తెలుసు. కానీ ఆవిడ గురించి నేను నిజం రాయాలంటే అసూయ దగ్గరే మొదలవ్వాలి. ఆవిడ మీద నాకు గౌరవం ఉంది, ప్రేమా ఉంది. రోజూ ఉన్నది మాత్రం అసూయే.

ఆవిడ మా టెక్కలిలో మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక మా వీధి ఆడవాళ్ళం నలుగురితో సంఘం పెట్టారు. పాలిథీన్ కవర్లు ఇవ్వని షాపుకి పచ్చబోర్డు ఇవ్వడం, పాత చీరలతో సంచులు కుట్టించి ఆ షాపుల్లోనే అమ్మించడం, కొండ ఊళ్ళ ఆడవాళ్ళు కుట్టే అడ్డాకుల విస్తళ్ళు తెప్పించడం, పెళ్ళిళ్ళకి స్టీలు గ్లాసులు ఊరికే ఇచ్చి మళ్ళీ తెచ్చుకోవడం, ఇదీ పని. రెండు మూడేళ్ళలో అది చుట్టుపక్కల ఊళ్ళకీ, భావనపాడు దాకా పాకింది.

నేను అంతకు పన్నెండేళ్ళ ముందు నుంచే బజారుకి గుడ్డసంచితో వెళ్తున్నాను. తడి చెత్త జామచెట్టు మొదట్లో గోతిలో వేస్తున్నాను. మా ఆయన దాన్ని పిసినారితనం అనేవారు. టీచరమ్మగారు మొదటిసారి సంచి పట్టుకుని వీధిలోకి వచ్చిన రోజున ఆయనే అరుగు మీద నుంచి నన్ను పిలిచి, "టీచరమ్మగారిని సూడు. ఆ వయసులో ఎంత ముందుసూపో" అన్నారు. ఆ సంచి నేను కుట్టి ఇచ్చిందే.

షాపుల దగ్గర ఆవిడ పద్ధతి చెప్పాలి. లోపలికి వెళ్ళి, అడగకుండానే స్టూలు లాక్కుని కూర్చునేవారు. అటూ ఇటూ చూసేవారు. వానాకాలంలో నీ షాపు ముందు నీళ్ళెందుకు నిలుస్తున్నాయిరా అని అడిగేవారు. షాపతను కాలవలో కవర్లు అడ్డుపడుతున్నాయని తనే చెప్పేవాడు. మరి అవి ఎవులిచ్చిన కవర్లురా అని అడిగేవారు. అంతే. ఇంకో పది నిమిషాలు కూర్చుని, అతను ఇచ్చిన టీ తాగి లేచేవారు. మర్నాడు అతనే బోర్డు కోసం వచ్చేవాడు. "మనం సెప్తే ఆళ్ళు వింటారు, అంతే. ఆళ్ళ నోటితో ఆళ్ళే సెప్తే సేస్తారు" అనేవారు.

నేను అదే పని పుస్తకం పట్టుకుని చేశాను. ఏ షాపులో వారానికి ఎన్ని కట్టలు ఖర్చవుతాయో గడులు గీసి రాసుకున్నాను. ఫ్యాన్సీ షాపతను నన్ను చూసి లేచి నిలబడి, "పంచాయతీ నుంచా అమ్మా, మా పన్ను కట్టీసేం కదా" అన్నాడు. తర్వాత టీచరమ్మగారు వెళ్ళి ఓ టీ తాగి వచ్చారు. ఆ షాపుకి బోర్డు వచ్చింది. నా గడుల పుస్తకం నా దగ్గర ఉండిపోయింది.

పేపర్లో సంఘం ఫోటో పడినప్పుడు ఆవిడ మధ్యలో ఉన్నారు. అంచున ఒక చెయ్యి ఉంది. అది నాది. గాజుల్ని బట్టి గుర్తుపట్టాను.

నాకు ఆపరేషన్ అయినప్పుడు పది రోజులూ ఆవిడే క్యారేజీ తెచ్చారు. మా అత్తగారు, నర్సులు, పక్క మంచం వాళ్ళు అందరూ ఆవిడ చుట్టూ చేరేవారు. కుట్లు పడ్డదాన్ని నేను పక్కనే పడుకుని ఉండేదాన్ని. పప్పు మాత్రం చాలా బాగుండేది. ఆ రుణం ఎక్కడ రాసుకోవాలో నాకు తెలియలేదు.

ఇక ఆవిడని తలుచుకున్నప్పుడల్లా ఊరంతా చెప్పుకునే కవర్ల కథ. మా సైకిల్ షాపు ఆయన ఆవిడ దగ్గర చదువుకున్నవాడు. కూతురి పెళ్ళి ప్లాస్టిక్ లేకుండా చేస్తానని తనే ముందుకొచ్చాడు. సంఘానికి అది మొదటి పెళ్ళి. శుభలేఖలో పెట్టడానికి చిన్న కాగితం అచ్చువేయించాం. విందులో ఆకు విస్తళ్ళు, స్టీలు గ్లాసులు ఉంటాయని, దాని కింద "పెళ్ళికి వచ్చేవారు దయచేసి కవర్లు తీసుకురావద్దు" అని.

మా సంఘంలో కవరంటే పాలిథీన్ సంచి. పొద్దస్తమానం దాని గొడవలోనే ఉండేవాళ్ళం కాబట్టి ఇంకో అర్థం ఉంటుందని తట్టలేదు. ఊళ్ళో వాళ్ళకి మాత్రం పెళ్ళిలో కవరంటే చదివింపుల కవరే.

పెళ్ళినాడు పుస్తకం, పెన్నూ పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్న మేనమామ అలాగే కూర్చున్నాడు. జనం వచ్చారు, అక్షింతలు వేశారు, తిన్నారు. పెద్దమనుషులు పెళ్ళికూతురి తండ్రి చేతులు పట్టుకుని, నీలాంటి మనసు ఎవరికుంటుంది అని మెచ్చుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు ఎందుకు మెచ్చుకుంటున్నారో ఆయనకు సాయంత్రం దాకా తెలియలేదు. షామియానా వాళ్ళకి ఆ డబ్బులతోనే ఇద్దామనుకున్నాడట.

మర్నాడు ఉదయం ఆ కాగితం పట్టుకుని సంఘానికి వచ్చాడు. మొహం నల్లబడిపోయి ఉంది. ఇది రాసిందెవరని అడిగాడు. టీచరమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఒకసారి నా వైపు చూశారు. నేను పుస్తకంలోకి తల వంచుకున్నాను.

"ఒరే, నేనే రాసేన్రా" అన్నారు. "కవరంటే నా కళ్ళకి కాలవలో కవరే కనిపిస్తాది. ముసిలి బుర్ర. పద, నాతో రా."

ఆవిడ చేతిలో గుడ్డసంచి. వెనకాల ఆయన, పిలుపుల జాబితా పట్టుకుని నేను. ఇంటింటికీ వెళ్ళి గుమ్మంలో నిలబడి, "వద్దన్న కవర్లు ఇప్పుడు ఇచ్చీండి, సంచి తెచ్చేను" అనేవారు. నవ్వనివాళ్ళు లేరు. నవ్వుతూనే కొందరు అనుకున్నదానికంటే ఎక్కువే వేశారు. మూడు రోజులు తిరిగాం. షామియానా వాళ్ళకి ఇచ్చి ఇంకా మిగిలింది. ఆ వారంలో మరో ఐదు పెళ్ళిళ్ళ వాళ్ళు స్టీలు గ్లాసుల కోసం వచ్చారు.

ఆ వాక్యం రాసింది నేను. సంఘం నోటీసులన్నీ నావే. నా తప్పు కూడా ఆవిడదైపోయి, ఊరు ముద్దుగా చెప్పుకునే కథైపోయింది. చేసిన మంచికి పేరు రాకపోతే సర్దుకున్నాను. తప్పు కూడా దక్కకపోవడం నేను సర్దుకోలేకపోయాను.

వారం తర్వాత విస్తళ్ళు లెక్కపెడుతూ ఆవిడని అడిగాను, మీరెందుకు మీద వేసుకున్నారని.

"నేనంటే నవ్వుతారు. నువ్వంటే తిడతారు" అన్నారు, కట్ట మీద నుంచి తల ఎత్తకుండా.

ఆవిడ నాతో అన్న మాటల్లో ఎక్కువ నొప్పి పెట్టింది అదే. అబద్ధమైతే నొప్పి ఉండేది కాదు.

పోయిన నెలలో చర్చి హాల్లో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. హాలు పట్టనంత జనం. పాస్టరుగారు ప్రార్థన చేశాక ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. ఫ్యాన్సీ షాపతను కవర్ల కథ చెప్పాడు. వద్దన్న కవర్లు ఇచ్చీండి అని ఆవిడ గొంతుతోనే అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. నేను ఆడవాళ్ళ వరసలో కూర్చుని, లేచి చెప్పేద్దామా అని రెండుసార్లు చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను. ఆవిడ లేని చోట ఆవిడ నవ్వుని కూడా లాక్కున్నట్టు ఉంటుందని లేవలేకపోయాను. లేవకపోతే ఇక ఎప్పటికీ ఆ మాట ఎవరికీ తెలియదు. ఆవిడ తప్ప తెలిసినవారు లేరు, ఆవిడ లేరు.

భోజనాలప్పుడు సైకిల్ షాపు ఆయన గోడవార చెయ్యి కడుక్కుంటుంటే దగ్గరికి వెళ్ళాను. మీ అమ్మాయి పెళ్ళి కాగితం టీచరమ్మగారు రాయలేదు, నేను రాశాను అని ఒక్క గుక్కలో చెప్పాను.

ఆయన చెయ్యి తుడుచుకుని, "తెలుసమ్మా" అన్నాడు.

ఎలా అని అడిగాను.

"టీచరమ్మ ఎప్పుడైనా 'దయసేసి' అన్నాదేటి? తేవద్దు అని రాసీసి ఊరుకుంటాది. దయసేసి అని రాసేది మీరే. మీ నోటీసులన్నీ సదువుతానే ఉన్నాను కదా. బాగా రాస్తారు."

మరి ఆ రోజు ఎందుకు అనలేదని అడిగాను. మూడిళ్ళు తిరిగాక, నేను వెనకబడినప్పుడు, టీచరమ్మగారే ఆయనతో అన్నారట, దాని ముందు ఈ మాట ఎత్తకురా, రాత్రుళ్ళు నిద్రపోదు అని. ఆయనకి ముందే తెలిసిపోయిందని ఆవిడకీ తెలుసు. ఇన్నేళ్ళూ ఇద్దరూ కలిసి నా తప్పుని నా నుంచి దాచారు.

ఆయన వెనక్కి తిరిగి కూతుర్ని పిలిచాడు. చంకలో పిల్లని ఎత్తుకుని వచ్చింది.

"ఒలే, నీ పెళ్ళికి కవర్లొద్దని రాసింది ఈ పిన్నిగారే" అన్నాడు.

ఆ అమ్మాయి నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "ఓలమ్మ, మీరా పిన్నీ" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. గోడకి ఆనుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. చేతులు కడుక్కునే వరసలో ఉన్నవాళ్ళు ఏటి, ఏటి అని మా వైపు తిరిగారు. చంకలో పిల్ల తల్లి మొహం చూసింది, తర్వాత నా మొహం చూసింది, ఉన్న రెండు పళ్ళూ బయటపెట్టింది.