దొరసానితో నాలుగు మాటలు

ఇది రాయడమెందుకులే అనుకున్నాను, కానీ ఊరుకోడానికి మనసొప్పలేదు.

జమ్మలమడుగులో ముప్పై ఏళ్లుగా పెద్దవాళ్లకు ఇంగ్లీషు మాట్లాడ్డం నేర్పే స్కూలు నడుపుతున్నాను. రేడియో విని నేర్చుకున్న ఇంగ్లీషు నాది (ఆ రేడియో కోసం మా నాయన రెండు చీరలు ఎక్కువ నేశాడు). ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న మనిషితో మాత్రం ఒక్కసారీ మాట్లాడలేదు.

ఈ రోజు గండికోటకు పోతున్న కారు మా గుమ్మం ముందే పంక్చరైంది. ఒక తెల్లావిడ దిగింది. తెల్లగా ఉంటే ఇంగ్లీషేనని నా నమ్మకం. పాఠం ఆపి, చొక్కా సర్దుకుని వెళ్లి, ఏళ్లుగా దాచుకున్న మాటలన్నీ పలికాను. ఆవిడ నవ్వి, మరేదో భాషలో బదులిచ్చింది.

"ఆయమ్మకు ఇంగ్లీషు రాదు సార్. నాకొచ్చినంత గూడా రాదు," అన్నాడు డ్రైవరు.

మా విద్యార్థిని, మగ్గం నేసే ఓబులమ్మ, కిటికీలోంచి అరిచింది: "అట్లయితే ఆయమ్మను గూడా మన బ్యాచ్‌లో చేర్చుకో సారూ!"

మీకెవరైనా అసలైన ఇంగ్లీషు మనిషి తెలిస్తే ఇటు పంపండి. టీ నేనిప్పిస్తాను.

టైరు మార్చారు. ఆవిడ చెయ్యూపింది. నేనూ ఊపాను.