కేప్‌టౌన్‌లో బాలనాగమ్మ ఆంటీ చేతిసంచి

బాలనాగమ్మ ఆంటీది సింగపూర్ హౌగాంగ్‌లో మా పక్క ఫ్లాటు. అనకాపల్లి నుంచి పెళ్ళై ఇక్కడికొచ్చి నలభై ఏళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు ఓ పిల్లల బడి వంటగదిలో గరిటె తిప్పింది. ఓడల మరమ్మతు యార్డులో పనిచేసిన భర్త ఇప్పుడు లేడు. అక్కడికొచ్చే కొన్ని ఓడలు కేప్‌టౌన్ మీదుగా వస్తాయని, ఆ ఊళ్ళో బల్లలాంటి కొండ ఉందని ఆయన చెప్పేవాడు. రిటైరయ్యాక దాన్ని చూసొస్తానంది ఆంటీ. కొడుకు వరుణ్ నెలరోజులు కాదని, చివరికి ఒప్పుకున్నాడు.

"ఒక్క ప్రాబ్లమ్ వచ్చినా, మా, ఇంక ట్రావెల్ బంద్."

పాలిటెక్నిక్ మధ్యలో మానేసి ఖాళీగా ఉన్నాను కనక నన్ను తోడు పంపారు.

మూడు రోజులు హాయిగా తిరిగాం. నక్షత్రంలా ఐదు మూలలున్న పాత కోట చూశాం. కోట మీంచి చూస్తే కొండ నెత్తిన తెల్లటి మబ్బు పరుచుకుని ఉంది.

"మీ అంకుల్ బల్ల అన్నారు గానీ, ఇది పక్కేసిన మంచంరా, శ్రీనాథూ" అంది.

నాలుగో రోజు బో-కాప్ వెళ్ళాం. రాళ్ళు పరిచిన ఏటవాలు వీధులు, గులాబీ, పసుపు, ఆకుపచ్చ ఇళ్ళు. డచ్చివాళ్ళు తూర్పు దీవుల నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్ళ సంతతి ఇప్పటికీ ఆ పేటలో ఉంది. ఓ చిన్న హోటల్ బయట ఒకే బల్ల ఖాళీ. ఆంటీ చేతిసంచి దాని మీద పెట్టి ఆర్డరివ్వడానికి లోపలికి పోయింది. సింగపూర్‌లో అందరం చేసేదే. చోప్ చేయడమంటాం. టిష్యూ ప్యాకెట్ పెట్టినా చాలు, ఆ చోటు జోలికి ఎవరూ రారు. నేను ఇళ్ళ ఫోటోలు తీస్తున్నాను.

ఆమె తిరిగొచ్చేసరికి సంచి లేదు. పాస్‌పోర్ట్ అందులోనే ఉంది.

"సంచేదిరా?"

"నన్నడుగుతారేంటాంటీ? వదిలేసిపోయింది మీరే."

కుర్చీలో కూలబడింది. "వరుణ్‌కి తెలిస్తే ఇంక లిఫ్టు కూడా దిగనివ్వడు."

వీధి చివరిదాకా పరిగెత్తాను. ఎవరూ లేరు. కొత్త పాస్‌పోర్ట్ ఇచ్చే మన సింగపూర్ హైకమిషన్ ఎక్కడో దూరాన ప్రిటోరియాలో, విమానం ఎల్లుండి. వెనక్కొచ్చేసరికి తలకి గుడ్డ కట్టుకున్న పెద్దావిడ ఒకామె, ఒక చేత్తో ప్లేట్లు, చంకలో ఆంటీ సంచితో, పక్క తలుపులోంచి వస్తోంది.

"ఏ ఊరమ్మా మీది? ఇలా వదిలేస్తారా? నేనే తీసి వంటింట్లో దాచాను" అని ఇంగ్లీషులో చీవాట్లు పెట్టింది.

ఆంటీ జిప్పు తీసి పాస్‌పోర్ట్ తడిమింది, మూసింది, మళ్ళీ తీసింది. థాంక్స్ చెప్పబోతే, నోట్లోంచి సింగపూర్‌లో అలవాటైన మలయ్ మాటే వచ్చింది. "తెరిమా కాసీ."

పెద్దావిడ కోపం దిగిపోయింది. ఆ మాట తమ ఇళ్ళలోనూ ఉందని నవ్వి, మాకు ఇంకో రెండు సమోసాలు వేసింది.

వరుణన్న అడిగితే అబద్ధం చెప్పనని విమానంలోనే ఆంటీకి చెప్పేశాను. "చెప్పక్కర్లేదులే" అంది. హౌగాంగ్‌లో ఇంట్లో అడుగుపెట్టగానే తనే అంతా చెప్పేసింది.

వరుణ్ మొహం గంటు పెట్టుకున్నాడు. "పాస్‌పోర్ట్ పెట్టి చోప్ చేశావా? టిష్యూ లేదా?"

"అయిపోయిందిరా."

ఇంక ఆపుకోలేకపోయాడు, సోఫాలో పడి నవ్వాడు. "నెక్స్ట్ ట్రిప్‌కి మెళ్ళో వేసుకునే సంచి కొంటాను. నిద్దర్లో కూడా తియ్యకూడదు."



"ఎరుపుది కొను" అంది ఆంటీ.