రేకు బోర్డు అవతలి తమ్ముడు

ఆ రోజుల్లో మద్రాసులో టెలిఫోను బల్ల మీద అలంకారంగా ఉండేది. ఎత్తితే చప్పుడుండేది కాదు. అందుకే వైర్‌లెస్ సెట్లు బిగించే కంపెనీలో ఉద్యోగం రాగానే నేను పెద్ద శాస్త్రవేత్తనైపోయాననుకున్నాను (నాకు బాగా వచ్చింది స్క్రూలు బిగించడమే). మా మేనమామ సౌకార్‌పేటలో చీరల టోకు వ్యాపారి పెద్దశెట్టిగారి దగ్గర గుమాస్తా. శెట్టిగారికీ, వేరుపడి టి. నగర్‌లో కొట్టు పెట్టుకున్న తమ్ముడికీ చాలాకాలంగా మాటల్లేవు. మామ ఇద్దర్నీ బతిమాలి, వ్యాపారం సాకు చెప్పి, ఇద్దరి కొట్లలో వైర్‌లెస్ సెట్లూ, మేడల మీద ఏరియల్ గొట్టాలూ నాచేత పెట్టించాడు. ఆ గొట్టాలు రెండూ ఎదురెదురుగా, మధ్యలో అడ్డు లేకుండా ఉండాలి. అలాగే పెట్టాను. కొట్టు కుర్రాళ్లతో మాట్లాడి చూస్తే పక్కగదిలోంచి పిలిచినట్టే వినిపించింది.

మర్నాడు పొద్దున శెట్టిగారు కొత్త పంచె కట్టుకుని మైకు ముందు కూర్చుని, గొంతు సవరించుకుని, "తమ్ముడూ, నేన్రా" అన్నారు. బుస్సుమనే మోత తప్ప జవాబు లేదు. మళ్లీ పిలిచారు. మళ్లీ అదే మోత. ఆయన మొహం కందగడ్డయింది.

"చూస్తిరా! వాడికింకా పొగరు అణగలా. అందరి ముందరా నా పరువు తీసినాడు. పీకేయండి ఈ గొట్టాలన్నీ!"

నేను మేడమీదికి పరుగెత్తి, కొయ్యబారిపోయాను. నిన్న ఆకాశం ఉన్నచోట ఇవాళ ఇంత ఎత్తున ఇనపరేకు! ఎదురింటి మేడ మీద రాత్రికి రాత్రే ఎవరో సినిమా బోర్డు నిలబెట్టారు (వీధివైపు హీరో నవ్వుతున్నాడట, నాకు కనిపించింది వీపే). మా మాటలు ఆ రేకుకు తగిలి ఆగిపోతున్నాయి. ఏం చెయ్యాలో తోచక ఏరియల్ గొట్టం పట్టుకుని పిచ్చివాడిలా తిప్పాను. అది హార్బరు వైపున్న పెద్ద కట్టడానికి ఎదురుగా రాగానే, అంటే టి. నగర్‌కు వీపు తిప్పాక, కింద సెట్టులోంచి ఏడుపు గొంతు!

"అన్నా, ఇంకా కోపమేనా? ఇంతసేపూ పిలస్తా ఉండా, పలకవేంది?"

గోడకు కొట్టిన బంతిలా తమ్ముడి మాట ఆ కట్టడానికి తగిలి మా వైపు తిరిగొస్తోంది.

"నేనూ పిలస్తానే ఉండానురా!" శెట్టిగారి కేక మేడమీదికి వినిపించింది.

మామ మెట్ల మీదినుంచి అరిచాడు: "ఒరేయ్, ఆడనే పట్టుకో! కదిలితివా, చంపేస్తా!"

అన్నదమ్ములు మోకాళ్ల నొప్పులతో మొదలుపెట్టి, పోయిన అమ్మ చేసే చారు దాకా వెళ్లారు. ఎండ నడినెత్తికొచ్చింది. నన్ను దిగమన్నవాళ్లు లేరు. ఊపిరి గట్టిగా తీస్తే వాళ్ల మాట ఎక్కడ తెగుతుందోనని గొట్టాన్ని కావలించుకుని నిలబడ్డ ఆ కుర్రాడు (నేనే లెండి) ఇప్పుడు గుర్తొస్తే, వెళ్లి కాసేపు గొడుగు పట్టి రావాలనిపిస్తుంది.